వెనక్కి నడుస్తూ ఊడ్చిన ఇల్లు

సోన్సొనాతె,
14 జనవరి 1996

వదినా,

నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయని బస్సు కండక్టరు చెప్పాడు. నిజంగా తగ్గాయో, అతనితో నువ్వు అలా చెప్పి పంపావో నీకే తెలియాలి. ఇక్కడ స్కూళ్ళు తెరిచే రోజులు. యూనిఫారాలు కుట్టీ కుట్టీ నా నడుం పడిపోయింది. ఊళ్ళో పిల్లలందరూ ఒక్క ఏడాదిలోనే పొడుగైపోయినట్టున్నారు.

అసలు విషయం వేరే. మీ పాత ఊరి తవ్వకాల్లో పని చేసే కయెతానో ఉన్నాడు కదా, భార్య పోయి ఆరేళ్ళయిన మనిషి. మట్టి దాచుకోవడానికి గుడ్డ సంచులు కావాలని డిసెంబరులో నా దగ్గరికి వచ్చాడు. నలభై కుట్టిచ్చాను. పది రోజులకు మళ్ళీ వచ్చి ఇంకో ఇరవై అన్నాడు. అవీ ఇచ్చాను. మొన్న మూడోసారి ఉత్త చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడి, "సంచులు సరిపోయాయి. ఇంక రావడానికి వంక లేదు. వంక లేకుండా వస్తే ఏమైనా అనుకుంటావా?" అని అడిగాడు.

నవ్వకు. నాకు నలభై రెండేళ్ళు, నవ్వించుకునే వయసు దాటింది.

మా ఆయన ఎవరిస్తో సంగతి నీకు తెలియంది కాదు. పదకొండేళ్ళు కాపురం చేశాను. రేవులో రాత్రి పని అంటే నమ్మాను. శవపేటిక ఇంకా ఇంట్లో ఉండగానే ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆవిడెవరో వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ పిల్లలకి అతని చెవులే. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. మనిషి బీదవాడైనా సరే, తాగినా సరే, అబద్ధం చెప్పేవాడైతే నా గడప తొక్కనివ్వకూడదని.

మనిషిని చూసి ఆ సంగతి తెలుసుకోవడం నాకు చేతకాదు, అది రుజువైపోయింది. నువ్వు కయెతానోని రోజూ చూస్తున్నావు. అన్నయ్య పోయాక నాకు పెద్దదిక్కు నువ్వే. నువ్వు ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. త్వరగా రాయి.

నికొలాసా

*

ఎల్ హీకారో,
25 జనవరి 1996

మిషను వదలని మరదలికి,

నవ్వొద్దన్నావు కాబట్టి ఉత్తరం పక్కన పెట్టి, బయటికి వెళ్ళి నవ్వొచ్చాను. అరవై సంచులా? ఈ తవ్వకాలు మొదలైనప్పటి నుంచీ మొత్తం మీద అరవై సంచుల మట్టి తీసి ఉండరు. గోదాములో నీ సంచులు కట్టలకు కట్టలు పడి ఉన్నాయి. ఎవరి కోసం కుట్టించాడా అనుకున్నాను.

ముందు చెడ్డవి చెబుతాను. చిక్కుడు గింజల్లో ఉప్పు చాలదని నా మొహం ముందే ఉప్పు డబ్బా అందుకుంటాడు. పాట రాదు, కానీ పాడతాడు. టోపీ ఉతకడు.

ఇప్పుడు మంచిది ఒకటి చెబుతాను, అది చాలు. పోయిన వర్షాల ముందు నాలుగో ఇంట్లో ఒక కుండ అంచు విరిగి కనిపించింది. డాక్టరుగారు (మందులిచ్చే డాక్టరు కాదు, తవ్వకాల పెద్ద) దాన్ని చూసి, ఇది ఆ రోజుల్లోనే విరిగినట్టుంది అని పుస్తకంలో రాసుకుంటున్నారు. కయెతానో అడ్డుపడి, "రాయకండి అయ్యా. నిన్న నా మోకాలు తగిలింది" అన్నాడు. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆ మాట అన్నందుకు శిక్షగా నెల రోజులు తాపీ పక్కన పెట్టి బూడిద బళ్ళు తోశాడు. ఏమయ్యా నోరు మూసుకుంటే పోయేదిగా అంటే, "అది పుస్తకంలోకి ఎక్కితే నేను చచ్చాక కూడా అలాగే ఉంటుంది కదమ్మా" అన్నాడు.

కాబట్టి నా ఊ ఇదిగో. రెండు ఊలు తీసుకో.

ఏడేళ్ళ నుంచి రమ్మంటున్నాను, ఒక్కసారైనా రావు. చచ్చినవాళ్ళ ఇళ్ళు చూడ్డానికి బస్సెందుకు అంటావు. ఇక్కడ చచ్చినవాళ్ళు ఎవరూ దొరకలేదని ఎన్నిసార్లు చెప్పాలి? కొండ పేలిన రోజు అందరూ పరిగెత్తారు. తిన్న పళ్ళేలు కడక్కుండా, పొయ్యి మీద కుండ దించకుండా పోయారు. పధ్నాలుగు వందల ఏళ్ళ కిందటి కర్రపెండలం చాళ్ళు మన చాళ్ళలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆరో ఇల్లు తీస్తున్నారు. వంటిల్లు. మూడు పొయ్యి రాళ్ళు, తాడుకి వేలాడుతూ ఎండు మిరపకాయలు. చూస్తే ఆవిడ నీళ్ళకెళ్ళి వస్తుందేమో అనిపిస్తుంది. ఆ నేల తీసేది నీ కయెతానోనే. గొర్రె బొచ్చు కుంచెతో బూడిద తుడుస్తాడు, ఒక రోజుకి చాపంత మేర. తాడు దాటి లోపలికి చీపురు పోకూడదు, చెప్పులు పోకూడదు. నా పని బయట బాటలు, రేకుల షెడ్డు, కాఫీ, తాళంచెవులు.

వచ్చే నెల పన్నెండున పరదేశాల నుంచి పండితులు, మంత్రిత్వ శాఖ వాళ్ళు వస్తున్నారట. ఎనిమిది మందికి మొక్కజొన్న పిండి ఆకుల్లో చుట్టి తమాలెలు నేనే ఉడికించాలి.

ఫిదెలీనా

*

ఎల్ హీకారో,
20 ఫిబ్రవరి 1996

నికొలాసా,

నువ్వు పంపిన జాకెట్టు గుడ్డ అందింది. రంగు బాగుంది. తమాలెలు బాగా కుదిరాయి, ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ ఫ్రాన్సు ఆవిడ ఆకుతో సహా తినబోతే ఆపాను.

ఇక్కడ పెద్ద విశేషం జరిగింది. సోమవారం పదకొండు గంటలకి అతిథులందర్నీ ఆరో ఇంటికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు నేల పైన కట్టిన చెక్క పలకల వంతెన మీంచి నేలకేసి చూసి మాట మధ్యలో ఆగిపోయారు. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టి చూశారు. ఆ వంటింటి నేల మీద చీపురు గీతలున్నాయి. పొయ్యి రాళ్ళ దగ్గర మొదలై వెనక గుమ్మం దాకా, వరసగా, విసనకర్రల్లాగా. అడుగులు మాత్రం ఒక్కటీ లేవు. ఆ ఇల్లాలు పొద్దున్నే నీళ్ళు చల్లి ఊడ్చి, వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి రాలేదన్నారు. అంతలోనే కొండ పేలిందట. ఇలాంటిది ప్రపంచంలో ఎక్కడా దొరకలేదట. ఫ్రాన్సు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పేపరు వాళ్ళు కూడా వస్తారట. ఎర్ర తాడు కట్టి, గాజు పలక తెప్పిస్తున్నారు.

కయెతానో మాత్రం అక్కడే నిలబడి, "శుక్రవారం ఇవి లేవయ్యా" అన్నాడు. అందరూ అతనికేసి తిరిగారు. పరాయివాళ్ళ ముందు పెద్దాయన మాటకి అడ్డుపడటం ఏమిటి చెప్పు. తరవాత లోపల ఏదో మాట్లాడుకున్నారు. నేను కాఫీ దగ్గర ఉన్నాను, నాకు పూర్తిగా వినపడలేదు.

వర్షాలకు ఇంకా టైముంది కానీ బావిలో నీళ్ళు అడుగంటాయి. నీ నడుం ఎలా ఉంది? పడుకునే ముందు ఉప్పు కాపడం పెట్టుకో.

ఫిదెలీనా

*

సోన్సొనాతె,
3 మార్చి 1996

వదినా,

నా నడుం సంగతి తరవాత. కయెతానోని పనిలోంచి తీసేశారని నువ్వు రాయలేదు. నీ ఉత్తరం నాకు అందేసరికి అతన్ని తీసేసి వారం అయింది. నిన్న వచ్చి తనే చెప్పాడు.

డాక్టరుగారు అతన్ని షెడ్డులో కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడిగారట. "శుక్రవారం ఈ గీతలు నీ కళ్ళ ముందే ఉన్నా చూడలేదా? అయితే నీకు తాపీ ఇవ్వడం నాదే తప్పు. లేక శనాదివారాల్లో నువ్వే గీశావా? అయితే నువ్వు ఈ గేటు దగ్గరికి కూడా రాకూడదు." ఇతను రెండూ కాదన్నాడు. శుక్రవారం సాయంత్రం ఆ నేల మీద ఎలుక అడుగులు ఉన్నాయట, గింజల కుండ చుట్టూ, చిన్న చిన్నవి. తన నోటు పుస్తకంలో పెన్సిలుతో గీసుకున్నాడట. ఆ పుస్తకం చూపించాడు. "మరి ఆ అడుగులు ఇప్పుడేవి? నీ తప్పు కప్పి పుచ్చుకోవడానికి ఇది తరవాత గీశావు" అన్నారట. అంతే, జీతం లెక్క కట్టి పంపేశారు.

నేనూ అతన్ని సూటిగా అడిగాను. "నువ్వు అబద్ధం చెబుతున్నావా?" అని. "లేదు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఎవరిస్తో కూడా లేదనే అనేవాడు, ఇంతే నెమ్మదిగా, ఇలాగే కళ్ళలోకి చూసి. నాకు భయం వేసింది వదినా.

రెండు ఊలు తీసుకో అన్నావు, నేనూ అతనితో ఊ అన్నాను. ఇప్పుడు ఏమంటావు? అంతమంది చదువుకున్నవాళ్ళు ఒకటంటున్నారు, ఇతనొకటంటున్నాడు. తాళంచెవులు నీ దగ్గరే ఉంటాయి కదా. శుక్రవారం తరవాత ఆ ఇంట్లోకి ఎవరైనా వెళ్ళారా? ఒక్క ముక్క రాయి. ఈస్టర్ లోపల ఆఖరి మాట చెబుతానని అతనితో అన్నాను.

నికొలాసా

*

ఎల్ హీకారో,
13 మార్చి 1996

నికొలాసా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ ఊపిరి సలపని పని. పేపరులో పడ్డప్పటి నుంచి ఆదివారాలు మూడు బస్సుల జనం వస్తున్నారు. మరుగుదొడ్డి కడిగేది నేనే, టిక్కెట్లు చింపేదీ నేనే. కోళ్ళకి తెగులొచ్చి రెండు పోయాయి. మీ అన్నయ్య సమాధి మీద సిలువకి రంగు వేయించాలి, అది కూడా పడి ఉంది.

నువ్వు అడిగినదాని గురించి ఏం చెప్పను? నాకేం తెలుస్తుంది, నేను బయట మనిషిని. రాత్రి గేటుకి తాళం వేస్తాను, పొద్దున్నే తీస్తాను. మగవాళ్ళకి పనిలో ఒక్కోసారి కన్ను పొరబడుతుంది. అతను చెడ్డవాడని నేను అనను. కానీ నీ జీవితం నీది, నా మాట మీద పెట్టుకోవద్దు. తొందరపడకు. ఇంకా మంచి సంబంధాలు రావచ్చు.

ఫిదెలీనా

*

సోన్సొనాతె,
2 ఏప్రిల్ 1996

వదినా,

మట్టల ఆదివారం నాడు ప్రార్థన అయ్యాక, చర్చి మెట్ల మీదే కయెతానోకి కాదని చెప్పేశాను. చేతిలో తాటి మట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మీ వదిన ఏమన్నారు?" అని అడిగాడు. "తెలియదంది" అన్నాను. తల ఊపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట పోట్లాడలేదు. తప్పు చేసిన వాడు కాబట్టే నోరెత్తలేదు అనుకున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా, దాపరికం ఎందుకు.

ఇది ఆదివారం సంగతి. నిన్న సోమవారం, గుడ్ ఫ్రైడే ఊరేగింపుకి వీధిలో వేసే రంపపు పొట్టు ముగ్గుల కోసం మా వాడ వాళ్ళు పాత పేపర్లు పరుస్తున్నారు. నేనూ మోకాళ్ళ మీద కూర్చుని పరుస్తున్నాను. ఒక పేపర్లో మీ ఆరో ఇంటి నేల కనిపించింది. పై నుంచి తీసిన ఫోటో, అర పేజీ. కింద రాసింది చదవకముందే నేను దాన్ని గుర్తుపట్టాను.

వదినా, అది మా అమ్మ ఊడ్పు.

చెరకు మిల్లులో కుడి చెయ్యి కాలిపోయాక అమ్మ ఎడమ చేత్తో ఊడ్చేది. తడి నేల మీద అడుగులు పడకూడదని పొయ్యి దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ, పెరటి గుమ్మంలోంచి బయటికి దిగేది. పీతలా నడుస్తుందని వీధంతా నవ్వేవాళ్ళు. ప్రతి గీత చివరా ఎడమకి చిన్న కొక్కెంలా తిరుగుతుంది, ఎందుకంటే ఆవిడ మణికట్టు అలా తిప్పేది. చిన్నప్పుడు నేను ఆ కొక్కెం సరిగ్గా తిప్పకపోతే చీపురు మొదలుతో నా వేళ్ళ మీద కొట్టేది. నాకు రాలేదు. నీకు వచ్చింది. కుడిచేతి వాటం దానివైనా, అత్త దగ్గర నేర్చుకున్నావు కాబట్టి నువ్వు ఎడమ చేత్తోనే ఊడుస్తావు. ఈ లోకంలో అలా ఊడ్చేది ఇద్దరే, అందులో ఒకావిడ పోయింది.

పండితులకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. అతను నాతో అబద్ధం చెప్పలేదు. నేను ఎవర్ని నమ్మి అతన్ని పంపేశానో ఆవిడే దాచింది.

నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. నువ్వేం చేస్తావో నీ ఇష్టం. నాకు మాత్రం ఇంక కాఫీ గురించీ కోళ్ళ గురించీ రాయకు.

నికొలాసా

*

ఎల్ హీకారో,
19 ఏప్రిల్ 1996

నికొలాసా,

నేనే ఊడ్చాను.

మొదట ఎలా జరిగిందో చెబుతాను, తరవాత తిట్టు. శని, ఆదివారాలు గాలి వీచింది. సోమవారం తెల్లవారుతూ తాళం తీసి చూస్తే ఆ వంటింటి నిండా కోనకాస్తె చెట్టు ఆకులు, దుమ్ము. ఇంకో నాలుగు గంటల్లో ఎనిమిది మంది అతిథులు. ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు ఆ ఇల్లు అలా చూస్తే, ఆవిడ గురించి ఏమనుకుంటారు? ఇల్లు ఎంత మురికిగా పెట్టుకుంది అనుకోరా? అది అనిపించాక చీపురు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు. ఆకులు చేత్తో ఏరాను. దుమ్ము లేవకుండా నీళ్ళు చిలకరించాను. రోజూ నా గుడిసెలో ఊడ్చినట్టే ఊడ్చి వెనక గుమ్మం నుంచి దిగాను. ఎలుక అడుగులు నేను చూడలేదు, దేవుడి మీద ఒట్టు. తాడు దాటానని కూడా బయటికి వచ్చాకే గుర్తొచ్చింది.

ఆరేసరికి గీతలు కనపడతాయని నాకేం తెలుసు? డాక్టరుగారు మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు తిడతారనే అనుకున్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నోరు పెగల్లేదు. ఆ నిమిషం పోయింది, మళ్ళీ రాలేదు. మర్నాడు చెబుదామంటే పేపరు వాళ్ళు వచ్చారు. కయెతానోని తీసేసిన రోజు గడప దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఈ పని పోతే గుడిసె కూడా పోతుంది. యాభై ఆరేళ్ళ వయసులో, ఈ మోకాళ్ళతో ఎవరింటికి వెళ్ళి నిలబడను? భయపడ్డాను. నా భయం కోసం నీ బతుకు ఒడ్డాను. నువ్వు ఒక్క ముక్క రాయమని అడిగితే పేజీ నిండా రాసి ఆ ఒక్క ముక్క దాచాను. నువ్వు నాకు కూతురిలాంటిదానివి అంటూ ఉంటాను, కూతురికి ఎవరైనా ఇలా చేస్తారా?

నీ ఉత్తరం గుడ్ ఫ్రైడే నాడు అందింది. ఈస్టర్ అయ్యాక మంగళవారం, చీపురు పట్టుకుని డాక్టరుగారి బల్ల ముందు నిలబడ్డాను. ఆయన నమ్మలేదు. "కయెతానో మీ చుట్టమవుతాడని విన్నాను. అతని కోసం ఇది నీ మీద వేసుకోకమ్మా" అన్నారు. ఇంక మాట్లాడి లాభం లేదని షెడ్డు వెనక బంకమట్టి నేల మీద నీళ్ళు చిలకరించి, ఆయన చూస్తుండగా వెనక్కి నడుస్తూ ఊడ్చాను. ఎండే దాకా ఆయన కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నారు. తరవాత పేపరు తెచ్చి పక్కన పెట్టి చూశారు. కొక్కేలు కూడా కలిశాయి.

"ఎందుకు చేశావు?" అన్నారు.

"అతిథులు వస్తున్నారన్నారు కదయ్యా. ఇల్లు దుమ్ముగా ఉంది."

"ఎవరి ఇల్లనుకున్నావు?"

"ఆవిడ లేదు కదా. ఏడేళ్ళ నుంచి తాళంచెవి నా దగ్గరే ఉంది, నాదే అనుకున్నాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. ఎన్నో దేశాలకు ఉత్తరాలు రాశానన్నారు. కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది. కయెతానో నోటు పుస్తకం తెప్పించమన్నారు. ఆ ఎలుక అడుగులు ఇప్పుడు ఇంకెక్కడా లేవు, ఆ పెన్సిలు గీతల్లోనే ఉన్నాయి. అతనికి తాపీ తిరిగి ఇచ్చారు. అందరి ముందూ క్షమాపణ అడిగారు. పేపరుకి కూడా తప్పు దిద్దుతూ రాశారు. మొదట వేసినంత పెద్దగా వేయలేదు, మూల కాలమ్ లో నాలుగు వాక్యాలు.

నా తాళంచెవులు తీసుకున్నారు. నెలాఖరుకి గుడిసె ఖాళీ చెయ్యాలి. ఆయన తప్పేం లేదు. ఇసాల్కోలో మా అక్క ఇంట్లో వసారా ఉంది, అక్కడికి వెళుతున్నాను.

క్షమించమని అడగడానికి మొహం చాలడం లేదు. కయెతానో మాత్రం నిజాయితీ గల మనిషి. ఈ ముక్క మార్చిలో రాయాల్సింది.

ఫిదెలీనా

*

సోన్సొనాతె,
6 మే 1996

ఇసాల్కోలో వసారాలో పడుకునే మా వదినకు,

నిన్న పాత ఊరు చూసొచ్చాను. నువ్వు ఏడేళ్ళు పిలిస్తే రాలేదు, నువ్వు లేనప్పుడు వెళ్ళాను. టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్ళాను. గేటు దగ్గర సిలువ పండగకి కట్టిన మామిడి పళ్ళూ కాగితప్పూలూ ఇంకా అలాగే ఉన్నాయి. నీ చోట ఒక చిన్నపిల్ల కూర్చుంది, బాటలు సరిగ్గా ఊడవడం లేదు.

నీ ఉత్తరం చదివి తొమ్మిది రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. మిషను మీద సూదులు రెండు విరగ్గొట్టాను. తరవాత ఒక లెక్క తేలింది. నువ్వు అతను అబద్ధాలకోరని రాయలేదు. తెలియదన్నావు, అంతే. ఆ తెలియదుని కాదుగా మార్చుకుంది నేను.

ఆరో ఇల్లు ముందర కయెతానో ఉన్నాడు. పలక వంతెన మీద నన్ను చూసి పైకి వచ్చాడు. ఇదివరకు నువ్వు అనేవాడు. నిన్న మీరు అన్నాడు. "చూడ్డానికి వచ్చారా? రండి, చూపిస్తాను" అని అందరికీ చూపించినట్టే చూపించాడు. ఇవి పొయ్యి రాళ్ళు, ఇది మిరపకాయల తాడు. కింద నేల మీద నీ ఊడ్పు ఇంకా ఉంది వదినా. తుడిచేస్తే నేలే పోతుందట. గాజు పలక మాత్రం తీసేశారు. దాని ముందు నిలబడితే నాకు అమ్మ గుర్తొచ్చింది, వచ్చిన పని కాసేపు మర్చిపోయాను.

తరవాత అడిగాను. "మా వదిన చేసిందని మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ సోమవారమే. ఏడింటికి వచ్చేసరికి ఆవిడ గుడిసె గోడకి చీపురు ఆనించి ఉంది. కింద నీళ్ళు కారుతున్నాయి."

"మరి డాక్టరుగారితో ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు చేశారని ఆయన అడగలేదు. నువ్వు చేశావా అని అడిగారు. లేదన్నాను. ఆవిడకి ఉన్నది ఆ గుడిసె ఒక్కటి. నాకు రెండు చేతులున్నాయి, ఎక్కడైనా గుంట తవ్వుకుంటాను. నేల గురించి అబద్ధం చెప్పలేను కాబట్టి ఆ గీతలు లేవని మాత్రం అన్నాను."

"నాతోనైనా చెప్పొచ్చు కదా. నేను మిమ్మల్ని అడిగాను."

"మీరూ అదే అడిగారు. అబద్ధం చెబుతున్నావా అని."

అవును, అదే అడిగాను. ఏం జరిగిందని అడగలేదు. కూర్చోమని కూడా అనలేదు.

సిగ్గు విడిచి ఇంకో మాట అడిగాను. "మెట్ల మీద అన్న మాట వెనక్కి తీసుకుంటే?" అన్నాను. కుంచె బొచ్చులో బూడిద దులిపాడు. కోపంగా లేడు, అదే నాకు మరీ కష్టంగా అనిపించింది.

"మీ వదిన ఊ అన్నారు, మీరు ఊ అన్నారు. ఆవిడ తెలియదన్నారు, మీరు కాదన్నారు. ఇప్పుడు ఆవిడ నేను మంచివాణ్ణని రాశారు, మీరు వచ్చారు. రేపు ఇంకోటేదో వస్తుంది నికొలాసా. అప్పుడు ఎవర్ని అడుగుతారు?"

టిక్కెట్టు చేతిలో నలుపుకుంటూ నాలుగింటి బస్సెక్కి వచ్చేశాను. దారంతా అదే మాట. ఎవరిస్తో నన్ను మోసం చేశాడని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. అతను చేసిన దాంట్లో అన్నిటికంటే చెడ్డది ఏమిటో నిన్న బస్సులో తెలిసింది. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేకుండా చేసి పోయాడు. అందుకే ఆ పని నీ నెత్తిన పెట్టాను. నువ్వు మొయ్యలేకపోయావు. మొయ్యాల్సింది నువ్వు కాదు కూడా.

ఇప్పుడు రెండు మాటలు రాస్తాను, రెండూ చేసి తీరాలి.

ఒకటి, వసారాలో పడుకోవడం మానేసి ఇక్కడికి రా. మిషను కిటికీ దగ్గరికి జరిపి, లోపలి గదిలో నీకు మంచం వేయించాను. జాలిపడి పిలవడం లేదు, నీ మీద కోపం పూర్తిగా పోలేదు కూడా. దగ్గరుంటే తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. కాజాలు కుట్టే పని నీకు ఇస్తాను, దానికి మోకాళ్ళతో పని లేదు.

రెండు, వచ్చే ఆదివారం నేను మళ్ళీ పాత ఊరు వెళుతున్నాను. ఆ తరవాతి ఆదివారం కూడా. అతను చూపిస్తే చూస్తాను, మాట్లాడకపోతే వంతెన మీద నిలబడి వచ్చేస్తాను. వెళ్ళనా వద్దా అని నిన్ను అడగడం లేదు. అతని గురించి నువ్వు నాకు మంచి గానీ చెడు గానీ ఒక్క ముక్క చెప్పకూడదు. ఈసారి నేనే చూసుకుంటాను.

శనివారం మధ్యాహ్నం బస్టాండులో ఉంటాను, సామాను ఎక్కువ తేకు.

నికొలాసా